గోడ కట్టారు సరే, మా లీటరుకి ఎంత?

మా కొట్లో రెండు ఖాతా పుస్తకాలుంటాయి. ఒకటి ఒడిశా ఊళ్ళది, రెండోది ఆంధ్రా ఊళ్ళది. నాన్న పెట్టిన పద్ధతి అది, నేను మార్చలేదు. పర్లాకిమిడిలో దాణా కొట్టు అంటే గజపతి జిల్లా పల్లెల వాళ్ళూ వస్తారు, మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు నుంచీ వస్తారు. తవుడు, మొక్కజొన్న పిండి, వేరుశెనగ చెక్క, పత్తిగింజల చెక్క, మినరల్ మిక్స్చర్ ఇవే మా సరుకు. ఎవరి గేదె ఈనింది, ఎవరి ఆవు వట్టిపోయింది, ఎవరికి పాల బిల్లు ఇంకా అందలేదు అన్నది ఆ పుస్తకాలు తిరగేస్తే తెలిసిపోతుంది. పాల ధర పడితే అరువు పెరుగుతుంది. ధర లేస్తే పాత బాకీలు మెల్లగా తీరతాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇది తప్పలేదు.

2025 ఆగస్టులో ఒక పొద్దున్న కొట్లో నలుగురైదుగురు కూర్చుని ఫోన్లో వీడియో చూస్తున్నారు. స్వాతంత్ర్య దినోత్సవం నాడు ఎర్రకోట మీద ప్రధాని మాట్లాడారు కదా, రైతులకీ మత్స్యకారులకీ పశువులు పెంచేవాళ్ళకీ నష్టం చేసే ఏ విధానానికైనా తాను గోడలా అడ్డు నిలబడతానని, ఆ వీడియో. అమెరికా పాల ఉత్పత్తులకి మన మార్కెట్ తెరవమని ఒత్తిడి చేస్తోంది, మనం ఒప్పుకోవట్లేదు, ఆ నెలాఖరుకి మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచుతున్నారు, ఇవన్నీ వాళ్ళకి తెలుసు. అందరూ సంతోషంగానే ఉన్నారు. నేనూ సంతోషించాను. అప్పుడు మూలన చెక్క బస్తా మీద కూర్చున్న ఒక పెద్దమ్మ, రెండు గేదెలున్న మనిషి, అడిగింది: "అయితే మన పాలకి రేటు పెరుగుద్దేటి బాబూ?"

ఎవరూ జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

ముందు నా పక్షం ఏదో చెప్పేస్తాను. విదేశీ పాలపొడి, వెన్న, చీజ్ మన దేశంలోకి స్వేచ్ఛగా రాకూడదు. ఆ గోడ ఉండాలి. కానీ గోడ వల్ల వచ్చే లాభం ఎవరి చేతికి వెళుతుందన్నది, గోడకి ఇవతల పాలు కొనేవాళ్ళు ఎంతమంది ఉన్నారన్న దాని మీద ఉంటుంది. కొనేవాడు ఒక్కడే అయితే ఆ గోడ వాడికే కాపలా కాస్తుంది. ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, సరిహద్దు మూసేస్తే ఏమవుతుందో మేం 2020లో మా వీధి చివర చూశాం.

ఆ మార్చి ఆఖర్లో లాక్‌డౌన్ వచ్చి రాష్ట్రాల సరిహద్దులు మూశారు. పాతపట్నం, పర్లాకిమిడి నడిచి వెళ్ళేంత దగ్గర. పెళ్ళిళ్ళు, పురుళ్ళు, చదువులు, సంతలు అన్నీ కలిసే ఉంటాయి. మధ్యలో గేటు పడింది. అప్పటిదాకా మా దగ్గర పాలు రెండు దారుల్లో పోయేవి. ఆవు పాలు ఇటు మిఠాయి కొట్లకి, ఎందుకంటే ఒడియా వాళ్ళకి ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద, కావాలి, గేదె పాలతో చేస్తే ఛెనా గట్టిగా వస్తుంది, రసగోలా మెత్తగా రాదు, కాబట్టి ఆవు పాలకి ఇక్కడ వేరే గిరాకీ. గేదె పాలు అటు ఆంధ్రా వైపు పాలకేంద్రాలకి, వెన్న శాతం చూసి డబ్బులిస్తారు కాబట్టి. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళుంటే ఒకడు తక్కువ ఇస్తే ఇంకొకడి దగ్గరికి పోవచ్చు. మా రైతుల బతుకులో ఉన్న కాస్త బేరం ఆ సరిహద్దు వల్లే వచ్చింది. దేశం మ్యాపులో అది గీత, మా పాల క్యాన్లకి అది రెండో దారి.

గేటు పడగానే మిఠాయి కొట్లూ మూతపడ్డాయి. అటు వెళ్ళే దారీ మూసుకుపోయింది. ఏప్రిల్ ఆఖర్లో పాతపట్నం మండలంలో కేసులు బయటపడ్డాక కట్టడి ఇంకా బిగిసింది. మాకు వరసకి బాబాయి అయ్యే ఒకాయనకి ఎనిమిది జెర్సీ ఆవులు. పూటకి ముప్పై లీటర్లకి పైగా పాలు. రెండు గేదెలున్న ఇంట్లో పెరుగు తోడేసుకున్నారు, వెన్న తీసి నెయ్యి కాచుకున్నారు, ఎలాగోలా గడుపుకున్నారు. ఎనిమిది ఆవుల వాడు ఆ పాలు ఏం చేసుకుంటాడు? పిండటం ఆపితే పొదుగు వాపు వస్తుంది. పిండాలి, పిండింది ఎవరికో ఒకరికి పోయాలి. ఆ దగ్గర్లో ఒక్క ప్రైవేటు కేంద్రం తెరిచి ఉంది. పేరు ఎందుకు లెండి. వాళ్ళు మొదటి వారం లీటరుకి రెండు రూపాయలు తగ్గించారు, నెల తిరిగేసరికి ఆరు రూపాయలు తగ్గించారు. అదే రోజుల్లో టౌన్లో పాల ప్యాకెట్ ధర పైసా కూడా తగ్గలేదు. పసిపిల్లలున్న తల్లులు డబ్బా పాల కోసం మందుల కొట్ల చుట్టూ తిరిగారు. రెండు కిలోమీటర్ల దూరంలో పాలు తోడెయ్యడానికి కుండలు చాలలేదు.

ఆ బాబాయి పేరు మీద మా పుస్తకంలో ఆ ఏడాది నాలుగు పేజీలు నిండాయి. ఆయన మూడు ఆవుల్ని అమ్మేశాడు, సగం ధరకి. మిగిలిన బాకీ 2022 దాకా తీరుస్తూనే ఉన్నాడు.

ఇంకో ముక్క కూడా ఉంది. దేశమంతా రైతులు పాలు అమ్ముడుపోక ఏడుస్తున్న ఆ జూన్ నెలలోనే, కేంద్ర ప్రభుత్వం 10,000 టన్నుల పాలపొడిని తక్కువ సుంకంతో, 15 శాతంతో, తెచ్చుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మామూలుగా పాలపొడి మీద సుంకం 60 శాతం. మహారాష్ట్రలో రైతులు రోడ్లెక్కారు, పాలు రోడ్డు మీద పోశారు. అప్పుడు చాలామంది, మా కొట్లోకి వచ్చే చదువుకున్న కుర్రాళ్ళతో సహా, ఒక లెక్క చెప్పారు. పది వేల టన్నులు ఎంత? కిలో పొడి చెయ్యడానికి సుమారు పదకొండు లీటర్ల పాలు కావాలి, అంటే మొత్తం పదకొండు కోట్ల లీటర్లు, మన దేశంలో అప్పట్లో రోజుకి యాభై కోట్ల లీటర్లకి పైనే వచ్చేవి, అంటే ఒక్క రోజు పాలలో ఐదో వంతు, దీనికింత గొడవా అని.

లెక్క తప్పు లేదు. పాల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియక వేసిన లెక్క అది. చలికాలంలో పాలు ఎక్కువ వస్తాయి, గేదెలు ఎక్కువగా దానికి కాస్త ముందు నుంచీ ఈనుతాయి, పచ్చగడ్డీ ఉంటుంది. అప్పుడు మిగిలిన పాలని డెయిరీలు పొడిగా, వెన్నగా మార్చి దాచుకుంటాయి. ఎండాకాలంలో పాలు తగ్గినప్పుడు ఆ పొడిని, వెన్నని మళ్ళీ నీళ్ళతో కలిపి పాలు చేస్తాయి. కాబట్టి ఈ రోజు రైతుకిచ్చే ధర, రేపు ఆ పొడి ఎంతకి పోతుందన్న అంచనా మీద నడుస్తుంది. బయట నుంచి చవక పొడి వస్తుందన్న కబురు చాలు, గోదాముల్లో ఉన్న పొడి విలువ పడుతుంది, పడగానే డెయిరీ చెయ్యి వెనక్కి తీస్తుంది, "పాలు ఎక్కువయ్యాయి, రేటు తగ్గిస్తున్నాం" అని పాలకేంద్రం తన గోడకి కాగితం అంటిస్తుంది. ఒక్క గ్రాము విదేశీ పొడి కూడా గజపతి జిల్లాకి రానక్కర్లేదు. అందుకే 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చల నుంచి బయటకి వచ్చినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నాను. అందులో న్యూజిలాండ్ ఉంది. అక్కడ సగటు మంద 400 ఆవులు దాటి ఉంటుంది, తీసిన పాలలో చాలా భాగం ఎగుమతికే. మా పెద్దమ్మ రెండు గేదెలకీ ఆ మందకీ పోటీ పెట్టడం న్యాయం కాదు. తర్వాత ఆస్ట్రేలియాతో 2022లో, బ్రిటన్‌తో 2025లో సంతకాలు చేసినప్పుడు కూడా పాల ఉత్పత్తుల్ని పక్కన పెట్టారు. మంచి పనే చేశారు.

గోడ లేకపోతే ఏమవుతుందో జమైకాని చూస్తే తెలుస్తుంది. 1990ల మొదట్లో ఆ చిన్న దేశం అప్పులిచ్చిన సంస్థల షరతుల ప్రకారం దిగుమతి అడ్డంకులు ఎత్తేసింది. యూరప్ వాళ్ళు తమ రైతులకి సబ్సిడీలిచ్చి మిగిల్చుకున్న పాలపొడి చవగ్గా వచ్చి పడింది. అక్కడి డెయిరీలకి ఆ పొడి కలుపుకోవడం చవక. రైతులు పాలు పారబోసుకున్నారు, ఆవుల్ని కబేళాకి పంపారు. వాళ్ళు ఆ దేశపు వేడికి తట్టుకునేలా తమ సొంత జాతి ఆవుని కూడా తయారు చేసుకున్నారు, జమైకా హోప్ అని. అంత పని చేసినవాళ్ళ పాలకి తమ దేశంలోనే చోటు లేకపోయింది.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు నేను దిగుమతి అన్న మాట వింటేనే మండిపడే మనిషిననుకుంటారేమో. కాదు. అదే యూరప్ పొడి మన దగ్గర ఇంకో పని చేసింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ అనే పాల అభివృద్ధి పథకం మొదలైనప్పుడు, యూరప్‌లో గుట్టలుగా పేరుకున్న పాలపొడి, వెన్ననూనె మనకి ఉచితంగా వచ్చాయి, ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా. మొదటి దశలో 1,26,000 టన్నుల పొడి, 42,000 టన్నుల వెన్ననూనె. ఆ పథకాన్ని నడిపిన అమూల్ వర్గీస్ కురియన్ దాన్ని ఊరికే పంచెయ్యలేదు. పాలు చేసి నాలుగు మహానగరాల్లో అమ్మి, వచ్చిన డబ్బుతో పల్లెల్లో సంఘాలు, చిల్లింగ్ కేంద్రాలు, ట్యాంకర్లు పెట్టించారు. కురియన్‌కి ఉన్న భయం కూడా ఇదే, ఈ దానం మన రైతుని ముంచేస్తుందేమోనని. అందుకే పొడి మీద పట్టు, అమ్మే ధర మీద పట్టు తమ చేతిలో ఉంచుకున్నారు. 1990ల చివరికి మన దేశం పాలలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. జమైకాకి వచ్చిందీ మనకి వచ్చిందీ దాదాపు ఒకటే సరుకు. ఆ డబ్బు ఎవరి చేతిలోకి వెళ్ళి దేనికి ఖర్చయింది అన్నదే తేడా. నాకు ఈ విషయం తెలిసిన రోజు నుంచి "దిగుమతి మంచిదా చెడ్డదా" అన్న వాదనల్లో తల దూర్చడం మానేశాను. ఎవరి ద్వారా, ఎంత ధరకి, వచ్చిన డబ్బు ఎక్కడికి, ఈ మూడే అడుగుతాను.

ఇప్పుడు రష్యా సంగతి. దిగుమతి నిషేధం అంటే స్వదేశీ రైతు బాగుపడతాడని గట్టిగా నమ్మేవాళ్ళు ఈ కథని చివరిదాకా చూడాలి. క్రిమియా గొడవ తర్వాత పాశ్చాత్య దేశాలు ఆంక్షలు పెడితే, బదులుగా 2014 ఆగస్టులో రష్యా యూరప్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నార్వేల నుంచి పాలు, చీజ్, మాంసం, పళ్ళు రాకుండా నిషేధించింది. ఇది మామూలు సుంకం గోడ కాదు, పూర్తిగా తలుపు మూసెయ్యడం. ఏడాది తర్వాత, దొంగతనంగా వచ్చిన చీజ్‌ని బుల్డోజర్లతో తొక్కించారు, అది టీవీల్లో కూడా చూపించారు.

ఏం జరిగింది? అంతమంది పోటీదారులు పోయాక అక్కడి పాల ఉత్పత్తి ఉవ్వెత్తున లేస్తుందనుకుంటాం. మొదటి నాలుగైదేళ్ళు మొత్తం ఉత్పత్తి సుమారు 3 కోట్ల టన్నుల దగ్గరే ఆగింది. ఆవు దూడ నుంచి పాడికి రావడానికి రెండేళ్ళకి పైనే పడుతుంది, తలుపు మూసిన మర్నాడు పాలు పుట్టవు. ఆ ఖాళీలోకి బెలారస్ సరుకు వచ్చింది. పామాయిల్ కలిపిన చీజ్ వచ్చింది. రూబుల్ విలువ కూడా పడిపోవడంతో ధరలు పెరిగాయి. లాభం ఎవరికంటే పెద్ద కంపెనీ డెయిరీలకి. రష్యా పాల ఉత్పత్తిలో అతిపెద్ద కంపెనీగా ఎదిగిన ఎకోనీవా అధిపతి స్టెఫాన్ డ్యూర్, జర్మనీలో పుట్టిన మనిషి, యూరప్ సరుకు ఆపమని పుతిన్‌కి తానే సలహా ఇచ్చానని బహిరంగంగా చెప్పాడు. బ్యాంకుల రాయితీ వడ్డీలు, సర్కారు సాయం ఆ పెద్ద మందలకి చేరాయి. ఇంటి పెరట్లో ఒకటి రెండు ఆవులు పెంచుకునే పల్లె వాళ్ళు మాత్రం అంతకు ముందు తగ్గుతున్నట్టే తగ్గుతూ పోయారు. ఆ గోడ ఎంత ఎత్తుదో చూడండి, ఒక్క చీజ్ ముక్క దాటడానికి వీల్లేనంత. పెరటి ఆవుని మాత్రం అది కాపాడలేకపోయింది.

గోడకి అవతల ఉన్నవాళ్ళూ మనలాంటి వాళ్ళే, వాళ్ళనీ మర్చిపోకూడదు. ఫిన్లాండ్, లిథువేనియా రైతులు ఏళ్ళ తరబడి రష్యా మార్కెట్‌ని నమ్ముకుని మందలు పెంచుకున్నారు. రాజకీయాలతో సంబంధం లేని వాళ్ళకి రాత్రికి రాత్రి కొనేవాడు లేకుండా పోయాడు. దానికి తోడు 2015 ఏప్రిల్ 1న యూరప్‌లో పాల కోటాలు, అంటే ఏ దేశం ఎన్ని పాలు తియ్యొచ్చన్న హద్దులు, ఎత్తేశారు, పాలు ఇంకా పెరిగాయి, ధరలు కూలాయి. ఆ సెప్టెంబరులో రైతులు ట్రాక్టర్లతో బ్రస్సెల్స్ మీదికి వెళ్ళారు. సర్కారు కొని దాచిన పాలపొడి 3.5 లక్షల టన్నులు దాటింది. దాన్ని వదిలించుకోవడానికి 2019 దాకా పట్టింది. మా బాబాయి మూడు ఆవుల్ని అమ్ముకున్నప్పుడు ఎలా ఉన్నాడో, ఆ దేశాల్లో కూడా అలాంటి ముఖాలే ఉంటాయి కదా.

ఖతార్ గురించి కూడా చాలామంది గొప్పగా చెబుతారు. 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి దిగ్బంధం చేస్తే, అంతవరకూ సౌదీ పాల మీద బతికిన దేశం ఆ జులైలోనే విమానాల్లో ఆవుల్ని దింపుకుంది, ఏసీ కొట్టాలు కట్టింది, రెండేళ్ళకి పాలు ఎగుమతి కూడా చేసింది. నిజమే. కానీ అది గ్యాస్ డబ్బున్న దేశం, ఒక కంపెనీ చేసిన పని, మేత కూడా ఓడల మీద తెచ్చుకున్నారు. రైతు అనేవాడు ఆ కథలో లేడు. మనకి దాన్నుంచి నేర్చుకునేది పెద్దగా లేదు.

మళ్ళీ మన దగ్గరికి వస్తాను, నన్ను నిజంగా బాధపెట్టేది ఇక్కడే ఉంది. బయట నుంచి లోపలికి రాకుండా గోడ ఉంది, బాగుంది. కానీ లోపల నుంచి బయటకి పోకుండా కూడా మాటిమాటికీ గోడ కడతారు. 2011 ఫిబ్రవరిలో పాల ధరలు పెరుగుతున్నాయని పాలపొడి, కేసీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్) ఎగుమతులు నిషేధించారు. ఏడాది తిరిగేసరికి దేశంలో పొడి గుట్టలు పడింది, రైతు ధర దిగింది, 2012 జూన్‌లో గానీ పొడి మీద నిషేధం ఎత్తలేదు. ఈలోగా బయట కొనేవాళ్ళు వేరే దేశాల్ని చూసుకున్నారు. ఒకసారి నమ్మకం పోయాక "ఇప్పుడు రండి, అమ్ముతాం" అంటే ఎవరొస్తారు? ధర పెరిగితే పట్నం వాడి కోసం తలుపు వేస్తారు. ధర పడితే రైతు కోసం ఎవరూ ఏ తలుపూ తియ్యరు.

నా వ్యాపారానికి దగ్గరైనది ఇంకోటి. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతి నిషేధించారు. బజార్లో డీఓబీ అంటారు దాన్ని, పశువుల దాణాలో వేస్తారు, చేపల చెరువుల్లో వేస్తారు. దాణా ఖరీదు తగ్గి పాల ధర అదుపులోకి వస్తుందని ప్రభుత్వం లెక్క. నాలుగు నెలలకని పెట్టింది పొడిగిస్తూ పొడిగిస్తూ రెండేళ్ళు దాటించారు. దాణా అమ్మే మనిషిగా నేను దీన్ని మెచ్చుకోవాలి, మొదట్లో మెచ్చుకున్నాను కూడా. డీఓబీ ధర పడింది. కానీ కంపెనీ దాణా బస్తా మీద ముద్రించిన ధర ఆ మేరకి దిగలేదు. నాలుగు రకాల కంపెనీ బస్తాలు మా కొట్లో ఉంటాయి, బిల్లులన్నీ దాచాను, చూసుకున్నాను. ఇక్కడ కూడా అదే జరిగింది, గోడ వల్ల చవకైన సరుకు మధ్యలో ఎవరికో చవకైంది, మా పెద్దమ్మ గేదె తొట్టెలోకి వచ్చేసరికి పాత ధరే. చివరికి విడిగా డీఓబీ కొని, మొక్కజొన్న పిండి, చెక్క, కాస్త ఉప్పు, మినరల్ మిక్స్చర్ ఇంట్లోనే కలుపుకోండని నేనే కొలతలు రాసిచ్చాను. అలా కలుపుకున్న ఇళ్ళకి మాత్రం ఆ నిషేధం నిజంగా ఉపయోగపడింది.

దీనికి జబ్బుల సంగతి కలిపి చూడండి. ముద్దచర్మ వ్యాధి, అందరూ లంపీ అంటున్నది, మన దేశంలో మొదట బయటపడింది 2019లో ఈ ఒడిశాలోనే. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2022లో పడమటి రాష్ట్రాల్లో విరుచుకుపడి దేశం మొత్తం మీద దాదాపు 2 లక్షల పశువులు చనిపోయాయి. పాలు తగ్గాయి, ధర పెరిగింది. 2023 ఏప్రిల్లో ఢిల్లీలో ఏమన్నారంటే, అవసరమైతే వెన్న, నెయ్యి దిగుమతి చేసుకుంటామని. శరద్ పవార్ వద్దని కేంద్ర మంత్రికి ఉత్తరం రాశారు. ఆవు చచ్చిన రైతుకి ఏడాదిలో ఇంకో ఆవు రాదు, ఉన్న ఆవు పాలకి కాస్త ధర వచ్చిన ఆ నాలుగు నెలలు కూడా అతన్ని నిలదొక్కుకోనివ్వకపోతే గోడ ఉందన్న మాటకి అర్థమేముంది? టీకాలు, డాక్టర్లు ముందే ఉండాలి. మా వైపు కొండ ఊళ్ళల్లో పశువుల డాక్టరు రావాలంటే ఒక రోజు పడుతుంది. పొదుగు వాపుకి ఒక రోజు ఆలస్యమైతే ఆ చన్ను ఆ ఈతకి పోయినట్టే.

ఇక నాతో వాదించేవాళ్ళ మాట. మా బావది గంజాం జిల్లా వైపు రొయ్యల చెరువు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు పడగానే రొయ్య ధర పడింది. రాఖీ పున్నమికి వచ్చినప్పుడు నన్ను సూటిగా అడిగాడు: "మీ పాల కోసం మా రొయ్యల్ని బలిచ్చారు కదా?" ఆ సుంకంలో సగం రష్యా చమురు కొంటున్నందుకు వేసింది, పాల ఒక్కదాని వల్ల కాదు అన్నాను. ఒప్పుకున్నాడు, కానీ మనసు కుదుటపడలేదు. నాకూ పడలేదు. ఎందుకంటే గోడకి ఖరీదుంటుంది, ఆ ఖరీదు ఒకరు కడతారు, నీడ ఇంకొకరికి దక్కుతుంది. బావ కట్టిన ఖరీదుకి మా పెద్దమ్మకి రూపాయి వచ్చినా నేను ధైర్యంగా మాట్లాడేవాణ్ణి. రాలేదు. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది.

రెండో మాట, ఇది ఇంకా బరువైనది. ఒడిశాలో మనిషికి దక్కే పాలు చాలా తక్కువ. దేశం సగటు 2023-24లో రోజుకి 471 గ్రాములైతే, మా రాష్ట్రంలో అందులో సగం కూడా లేదు. చవక పాలపొడి వస్తే కొండ మీద పిల్లలు కూడా పాలు తాగుతారు కదా అంటారు. మంచి మనసుతో అడిగే ప్రశ్న ఇది, తేలిగ్గా కొట్టెయ్యలేను. కానీ ప్రపంచంలో తీసే పాలలో పదో వంతు కూడా దేశాలు దాటి అమ్ముడవ్వదు. అంత చిన్న సంతలో ధర ఊగిసలాడుతుంది. 2013, 2014ల్లో టన్ను పొడి 5,000 డాలర్ల దాకా పోయింది, 2015లో 2,000 డాలర్ల కిందికి పడింది. పడినప్పుడు మన రైతు ఆవుల్ని అమ్మేస్తాడు, లేచినప్పుడు పొడి కొనడానికి మన దగ్గర డబ్బుండదు, తిరిగి చూస్తే పాకలో ఆవూ ఉండదు. కొండ మీద పిల్లకి పాలు కావాలంటే ఆ కొండ మీదే ఒక ఆవుండాలి, దానికి మేత, మందు ఉండాలి. నా నమ్మకం ఇదే.

అందుకే నేను అడిగేవి చాలా చిన్నవి. పది ఊళ్ళకి ఒక్క ప్రైవేటు కేంద్రం కాకుండా, పక్కనే సహకార సంఘం కేంద్రం కూడా ఉండాలి, అది పేరుకి కాకుండా రెండు పూటలా తెరిచి ఉండాలి. ఫ్యాట్ (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) చూసే మెషిన్ రైతు వైపు తిరిగి ఉండాలి, ఆ అంకెలు రైతు కళ్ళతో చూసుకోవాలి. మా పెద్దమ్మకి చదువు రాదు గానీ అంకెలు బాగా వచ్చు. ఎప్పుడైనా తప్పనిసరై పొడి, వెన్న తెస్తే, 1970లో చేసినట్టు ఒక సర్కారు సంస్థ చేతుల మీదుగానే తేవాలి, అమ్మితే వచ్చిన లాభం, కట్టించుకున్న సుంకం పాలు తక్కువున్న జిల్లాల్లో చిల్లింగ్ కేంద్రాలకీ డాక్టర్లకీ పోవాలి. ఎగుమతి ఆపితే ఎన్నాళ్ళు ఆపుతారో మొదటే చెప్పి, ఆ రోజుకి ఎత్తెయ్యాలి. పర్లాకిమిడి కొమ్ము బొమ్మల గురించి దేశమంతా గొప్పగా చెబుతుంది, చచ్చిన గేదె కొమ్ముకి ఇంత విలువ కట్టిన ఊరిది, బతికున్న గేదె పాలకి ధర అడగడం ఎక్కువేం కాదు.

ఆ పెద్దమ్మ ఈ నెల కూడా వచ్చింది. ఒక గేదె చూడితో ఉంది, ఇంకో నెలలో ఈనుతుంది. పాలకేంద్రం వాళ్ళిచ్చిన చీటీలు కొంగులో కట్టుకుని తెచ్చి, లెక్క సరిగ్గా ఉందో లేదో చూడమంది. చూశాను. ఒకే వారంలో అదే గేదె పాలకి ఫ్యాట్ ఒక రోజు 7.2, ఇంకో రోజు 5.8 రాశారు. ఆ చీటీల ఫోటోలు తీసుకున్నాను. ఇక నుంచి ప్రతి నెలా ఒకటో తారీకున, సరిహద్దుకి ఇటూ అటూ ఉన్న కేంద్రాలన్నీ ఏ ఫ్యాట్‌కి ఎంత ఇస్తున్నాయో ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మా కొట్టు తలుపుకి కడుతున్నాను. మొదటి అట్ట నిన్ననే కట్టాను. మధ్యాహ్నానికల్లా ముగ్గురు వచ్చి ఫోటోలు తీసుకెళ్ళారు.